గడప బయట కూర్చుని కంప్యూటర్ నేర్పిన పెదమామ

మొదటే చెప్పేస్తున్నాను. నా అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒత్తులు తప్పుతాయి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, మన్నించి చదవండి. కంప్యూటర్లో కొట్టి ఉంటే తప్పులు తక్కువయ్యేవి. కానీ అక్కడ వెనక నిలబడి చదివేవాళ్లు ఉంటారు. కాగితమైతే ఒళ్లో పెట్టుకుని రాసుకోవచ్చు.

పోయిన నెల మా పెదమామ చనిపోయారు. మధ్యాహ్నం సంగటి తిని, ఎండ తగ్గాక లేపమని చెప్పి నడుం వాల్చారు. లేపితే లేవలేదు. ఎవరి చేతా సేవ చేయించుకోకుండా హాయిగా పోయారని ఊళ్లో అందరూ అంటున్నారు. నిజమే. కానీ నాకు ఏడుపుతో పాటు ఒక భయం కూడా పట్టుకుంది. మా కోడళ్ల కంప్యూటర్ గంట ఆయన ఉండబట్టే నడిచింది. ఆయనతో పాటు అదీ పోతుందేమోనని.

మా ఊరి కంప్యూటర్ క్లబ్బు వాళ్లు ఆయన మీద చిన్న పుస్తకం వేస్తున్నారు. మా ఊరు తెలియనివాళ్లు కూడా చదువుతారట, కాబట్టి మొదటినుంచి చెప్తాను.

మాది కర్ణాటకలో, పావగడ తాలూకా తిరుమణి దగ్గర ఒక ఊరు. వెనకటి చేలల్లో ఇప్పుడు సోలార్ పలకలే. మా ఇంటాయన వాటిని కడిగే పనికి పోతారు. పెదమామ అంటే మా మామగారి అన్న. చిన్నప్పుడు గొర్రెలు కాశారు. తర్వాత పావగడలో తాలూకాఫీసు ముందు టైపు మిషన్ పెట్టుకుని, జనం నోటితో చెప్పే అర్జీలు కొట్టిచ్చేవారు. టైపు మిషన్లు పోయాక కంప్యూటర్ నేర్చుకున్నారు. వయసయ్యాక ఊరికి వచ్చేశారు. ఒక కంపెనీ తన ఆఫీసులో పాత కంప్యూటర్లు మారుస్తుంటే అడిగి తెచ్చారు. గొర్రెలు ఎక్కువున్న కాలంలో ఉన్ని నిల్వ చేసిన గది ఒకటి ఖాళీగా ఉంటే అందులో పెట్టించి, కంప్యూటర్ క్లబ్బు అన్నారు. వాన పడితే ఆ గదిలో ఇప్పటికీ ఉన్ని వాసన వస్తుంది. సాయంత్రం మగవాళ్లు, పిల్లలు వచ్చేవాళ్లు. మధ్యాహ్నం ఒక గంట కోడళ్లది.

ఇళ్లల్లో మమ్మల్ని పంపడానికి ఒప్పుకున్నది పెదమామ అక్కడ ఉంటారనే. చిక్కు కూడా అదే. మామ వరసయ్యేవాళ్ల ముందు కోడలు కుర్చీలో కూర్చోకూడదు. కంప్యూటర్ చూస్తే బల్ల మీద ఉంది. మొదటిరోజు మేం నలుగురం గోడకు ఆనుకుని నిలబడ్డాం. కూర్చోమని చెప్పి చెప్పి పెదమామ లేచి బయటికి పోయారు. కోపం వచ్చిందనుకున్నాం. ఆయన గడప అవతల బండ మీద, మాకు వీపు చేసి, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు.

"ఇప్పుడు నేను ఈడ లేను. కూర్చోండమ్మా," అన్నారు.

అప్పటినుంచి అలాగే నేర్పారు. మా తెర ఆయనకు కనిపించదు. ఆయన మొహం మాకు కనిపించదు. తెర మీద ఏముందో మేం నోటితో చెప్పాలి, ఆయన విని ఏది నొక్కాలో చెప్పాలి. అర్జీదారుల మాటలు వినివిని ఆయనకు ఆ ఓపిక ఉంది. నాకే మాట్లాడే అలవాటు లేదు. నా పుట్టిల్లు మడకశిర పక్క, తెలుగు బడి. ఇక్కడ బస్సు బోర్డు మొదలు అన్నీ కన్నడమే. దీనికి చదువే రాదనుకుంటారని పెళ్లయినప్పటినుంచీ నోరు మూసుకునే ఉన్నాను.

"ఏం కనిపిస్తాండాది కోడలా?"

నేను కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ ఉన్నాను.

"రోడ్డు మీద గొర్రెలు పోతాండాయి. అన్నీ పొయ్యేంతవరకూ చూస్తా ఉంటా. నాకేం తొందర ల్యా."

గొర్రెల మంద దాటిపోయాక, "తెల్లగా ఉండాది మామా," అన్నాను.

"తెల్లగా ఉండేది ఏంది? పాలా, సున్నం కొట్టిన గోడా?"

"కాగితం మాదిరి ఉండాది. దాంట్లో చిన్న గీత. ఆరిపోతాది, మళ్లా వస్తాది."

"అది నీ కోసరమే కాసుకోనుండాది. పాపం, ఇంగ నిలబెట్టొద్దు దాన్ని. ఈ పొద్దు ఇంట్లో ఏం చేసినావో అది కొట్టు."

తెలుగు అక్షరాలు వచ్చేటట్టు ఆయన ముందే సరిచేసి పెట్టారు. 'అలసంద పులుసు' అని కొట్టడానికి నాకు ఆ గంటంతా పట్టింది. గీత విసుక్కోలేదు, ఆయనా విసుక్కోలేదు.

వచ్చేటప్పుడు పంచె కొంగులో వేయించిన చెనక్కాయలు తెచ్చి గడప మీద పోసేవారు. ఒక చెయ్యి చెనక్కాయలకు, ఒక చెయ్యి మౌసుకు, రెండూ కలపొద్దు అనేవారు. ఫోనులో నిండిపోయిన ఫోటోలను కంప్యూటర్లో దాచుకోవడం, పుట్టింట్లో అమ్మతో మొహం చూసి మాట్లాడడం, అన్నీ ఆ బండ మీదనుంచే నేర్పారు. ఒకసారి చెబుతూ చెబుతూ నిద్రపోయారు. లేపడానికి సంకోచించి, ఒకరికొకరం చెప్పుకుంటూ మేమే పని ముగించాం. లేచి, విషయం విని, "అయితే నేను నిద్రపోయినా జరుగుతాదే," అని మళ్లీ కళ్లు మూసుకున్నారు.

ఫోల్డర్ అనేవారు కాదు, డబ్బా అనేవారు. డబ్బా మీద పేరు లేకపోతే ఏది పప్పో ఏది ఉప్పో ఎట్లా తెలుస్తాదని అడిగేవారు. ఫోటోలు దాచే కంప్యూటర్ ఒకటే. ఒకరోజు మా ఇళ్ల ఫోనుల్లోవన్నీ అందులోకి ఎక్కించి, ఎవరి డబ్బాకు వాళ్ల ఇంటాయన పేరు పెట్టమన్నారు. మా వైపు మొగుడి పేరు నోటితో చెప్పం. రాయడానికి కూడా చెయ్యి రాలేదు. నేను 'ఆయన' అని పెట్టాను. మా తోడికోడలికీ అదే తోచింది, మిగిలిన ఇద్దరికీ అదే తోచింది. ఆ పేరు ముందే ఉంది, పక్కన అంకె వేయనా అని కంప్యూటర్ అడిగితే వేయమన్నాం.

తర్వాత వచ్చినప్పుడు మా తోడికోడలు ఒక డబ్బా తెరిచి గబుక్కున మూసేసింది.

"ఏమైందమ్మా?"

"ఇందులో వేరేవాళ్ల ఆయన ఉండాడు మామా."

బయట ఆయన వీపు ఊగడం కనిపించింది. కాసేపటికి గొంతు సర్దుకుని, "ఎంతమంది ఆయనలు ఉండారు లోపల?" అన్నారు.

"ఆయన, ఆయన రెండు, ఆయన మూడు, ఆయన నాలుగు."

"మూడో ఆయన ఎవరి మనిషి?"

ఒకరినొకరం చూసుకుని కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం.

"సర్లే. ఆయప్పల పేర్లు వద్దు. మీ పేర్లు పెట్టండి. మీ అమ్మానాయనలు పెట్టింటారు కదా, వాటికేం వచ్చింది?"

అత్తారింట్లో నన్ను కోడలా అంటారు. వీధిలో ఫలానా వాళ్ల కోడలంటారు. పెళ్లి పత్రిక తర్వాత నా పేరు తెలుగు అచ్చు అక్షరాల్లో చూసుకోవడం అప్పుడే. గట్టిగా చదవమన్నారు. చదివాను. "మంచి పేరు," అన్నారు పెదమామ, రోడ్డు వైపే చూస్తూ.

ఆయన పెద్దకర్మ అయ్యాక క్లబ్బు మగవాళ్లు గది ముందు చేరారు. మేం కోడళ్లం, మా అత్త కొంచెం అవతల నిలబడ్డాం. గది బీగంచెవి ఉంచుకునే చిన్నమామ, అంటే మా మామగారి తమ్ముడు, మాట ఎత్తారు.

"సాయంత్రం ఎట్లో నడుస్తాదిప్పా. మద్యానం మాత్రం బీగం వేద్దాం. కాపలా కూర్చునే పెద్దాయనే పాయ."

"నువ్వు కూర్చో," అన్నాడొకాయన.

"నేనా? అట్ల వీపు తిప్పుకోని కూర్చుంటే నా గురక మీ ఇంటిదాకా వినపడతాది."

అందరూ నవ్వారు. నవ్వులోనే విషయం అయిపోయినట్టు ఒకరిద్దరు లేచారు కూడా. మా తోడికోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బీగం వద్దు మామా," అన్నాను.

"ఏందమ్మా?"

"తలుపు పూర్తిగా తీసి పెట్టండి. రోడ్డులో పొయ్యేటోళ్లకంతా కనపడతా ఉంటాం. చూసిందంతా గట్టిగానే చెప్పుకుంటాం, పెదమామ మాకు అట్లే నేర్పినాడు. ఇంగ కాపలా దేనికి?"

అందరూ మా అత్త వైపు చూశారు.

"నన్నేంది చూస్తారు? ఇది ఇంత మాట్లాడతాదని నాకే తెలీదు. ఉప్పు యాడుండాదే అంటే చేత్తో చూపిస్తాది ఇంట్లో," అంది అత్త. తర్వాత, "ఇయ్యప్పా ఆ చెవి. మా బావ పెట్టింది, నడవనీ," అంది.

చిన్నమామ బీగంచెవి అత్త చేతికే ఇచ్చారు. ఆమె కొంగుకు కట్టుకుంది. ఇంటికొచ్చాక విప్పి నా చేతిలో పెట్టింది.

ఇది ఆ గదిలోనే ఒక మూల కూర్చుని రాస్తున్నాను. తలుపు తీసి ఉంది, ఎండ లోపలిదాకా వచ్చింది. మంగళవాడ నుంచి కొత్తగా వచ్చిన కోడలు ఒకతె, పైనుంచి నేలను చూపించే మ్యాపు తెరుచుకుని కూర్చుంది.

"అక్కా, మనూర్లో ఇంత పెద్ద చెరువు యాడుండాది? అలుగు పారేంత నిండుగా ఉండాదే."

లేచి చూశాను. చెరువు కాదు, పలకలు. పైనుంచి చూస్తే నల్లగా, అచ్చం నీళ్లలాగే ఉన్నాయి. మేమందరం నవ్విన నవ్వుకు రోడ్డు మీద పోయే బండాయన తల తిప్పి చూశాడు. ఆ పిల్ల నవ్వలేదు. తెర మీద వేలు పెట్టి, ఆ నీళ్ల గట్టు వెంబడే పుట్టింటికి దారి పట్టుకుంది. "ఈడ మలుపు ఉండాది. ఈడ కాలవ మోరీ ఉండాది," అని పైకి చెప్పుకుంటూ పోతోంది.

పుస్తకంలోకి ఎక్కించుకున్నాక ఈ కాగితాలు కాల్చేయండి, మరిచిపోవద్దు. నా రాత ఇంట్లోవాళ్లు గుర్తుపడతారు. ఇంక లేస్తాను. ఆ పిల్ల ఇంకా వాళ్ల ఊరు చేరలేదు.