పెద్దింటమ్మ చేతి బూడిద

కొర్రమీనును పట్టడం ఒక ఎత్తు, కొయ్యడం ఒక ఎత్తు. వలలో పడ్డది చేతిలో నిలవొద్దూ! ఒళ్ళంతా జిగురు, ప్రాణంతో ఉంటే బలం కూడానూ. కత్తిపీట దగ్గరకు తెచ్చేలోపు సర్రున జారి వీధి కాలవలో పడుతుంది. అందుకే పెద్దింటమ్మ చేతులకు ఊకబూడిద రాసుకుని, చేపకూ పట్టించి, అప్పుడు కత్తికి ఆనించేది. కోశాక నాలుగు నీళ్ళలో కడిగేది. కొల్లేటి లంకలో వాళ్ళమ్మ దగ్గర నేర్చిన పని. ముప్పై ఏళ్ళుగా ఏలూరు పవర్‌పేట వీధుల్లో, జనం కళ్ళముందే చేసింది. అది దాచుకోవలసిన సంగతని ఆవిడకు ఎవరు చెప్పారు గనక!

మనిషి గట్టిది, నోరు మంచిది. భర్త పోయాక రోజూ పొద్దున్నే లంక నుంచి ఆటోలో గంపతో దిగి, "చేపలమ్మా, కొల్లేటి చేపలూ" అని ఒక్క కేక వేస్తే గుమ్మాలు తెరుచుకునేవి. ఏ ఇంట్లో జ్వరపడి లేచినవాళ్ళున్నారో, ఎవరికి ముల్లంటే భయమో ఆవిడకు కంఠతా వచ్చు. మాస్టారి భార్య సరళగారైతే గంపలోకి తొంగి కూడా చూసేది కాదు. "నీకు నచ్చింది వెయ్యి పెద్దింటమ్మా" అనేది. ఆ మాట మీదే ఆవిడ బతుకు నడిచింది, కూతురు వెంకటదుర్గ పెళ్ళి నడిచింది.

ఆ వీడియో ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. ఏదో మేడ మీదనుంచి తీసిందే. పంతొమ్మిది సెకన్లు. డబ్బాలోంచి పొడి తీసి చేపకు రాస్తున్న చేతులు, ముక్కుపుడకతో సహా ఆవిడ మొహం. వెనక ఒక గొంతు. ఏ పుణ్యాత్ముడో, ఎక్కడ కూర్చుని చదివాడో! "శవాలు కుళ్ళకుండా పూసే మందు చేపలకు రాసి అమ్ముతున్నారు. మీ పిల్లల్ని కాపాడుకోండి. పదిమందికీ పంపండి." పంపరూ మరి! సాయంత్రానికి దానికి ఇంకో ముక్క అతుక్కుంది. ఆ మధ్య ఒక ఏడు ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు చూడండి, అప్పటి ఆసుపత్రి మంచాల దృశ్యాలు. ఆ భయం ఊరికి ఇంకా పోలేదు. మంచాల మీద పిల్లల్ని చూశాక అది బూడిదో, మందో ఎవరు ఆరా తీస్తారు?

మర్నాడు కేక వేస్తే గుమ్మాలు తెరుచుకోలేదు. సరళగారు గేటు దాకా వచ్చి, గేటు మాత్రం తియ్యలేదు.

"నీ మీద నాకేం అనుమానం లేదు పెద్దింటమ్మా. కానీ మా మరిది పంపేడు, మా అమ్మాయి బెంగుళూరు నుంచి పంపింది, మాస్టారి స్కూల్ గ్రూపులో పెట్టేరు. వీళ్ళలో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నదేం లేదు. అబద్ధమైతే అందరికీ ఎందుకొస్తుంది చెప్పు?"

"అది ఊకబూడిదండీ తల్లీ! మీ అరుగు మీదే కదండీ కూచుని రాసేదాన్ని!"

"చూసేననుకో. అదేంటని ఎప్పుడూ అడగలేదు కదా!"

అటునుంచి అటే ఊళ్ళో ఫోన్‌లో వార్తలు చెప్పే వీరేంద్ర దగ్గరకు వెళ్ళింది. నలుగురూ చూసేది అతన్నే కదా, నిజం అక్కడే చెప్పేస్తే సరి అనుకుంది పిచ్చితల్లి. అతను కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు, "అమ్మా" అని పిలిచాడు. పొడి రాస్తారా అని అడిగితే, "రాయకపోతే ఎలాగండీ బాబూ, జారిపోదూ" అంది. ఎన్నాళ్ళుగా అంటే, "ముప్పై ఏళ్ళండి, మా అమ్మ కూడా రాసేదండి" అంది. మిల్లు నుంచి ఊకబూడిద తేవడం, జల్లెడ పట్టడం, కడగడం పూసగుచ్చినట్టు చెప్పింది. చిటికెడు నాలుక మీద వేసుకుని మింగి చూపించింది కూడా. రాత్రికి అతను బయటపెట్టిన వీడియోలో బూడిదా లేదు, కడగడమూ లేదు. "ముప్పై ఏళ్ళుగా రాస్తున్నా: ఒప్పుకున్న చేపల మహిళ" అని పేరు పెట్టాడు. మొదటి వీడియోను చూసి నమ్మనివాళ్ళు ఈ రెండోదానితో నమ్మారు. ఛీ, ఆ టీ తాగకుండా లేచి వచ్చినా బాగుండేది!

ఆహార తనిఖీ అధికారులు వచ్చి చేపలూ, పొడీ పట్టుకెళ్ళారు. మూడు వారాలకు ఏ మందూ లేదని కాగితం ఇచ్చారు. దానికి ప్లాస్టిక్ అట్ట వేయించి గంపకు కట్టుకుని తిరిగింది. ఎవరో దాన్నీ ఫోటో తీసి, దొంగ కాగితమని పంపారు. ఆవిడ ఏలూరు వెళ్ళడం మానేసి చేపల చెరువుల మీద కూలికి పోయింది.

ఆ నెల్లోనే పెంటపాడులో అత్తవారింట వెంకటదుర్గకు రెండో కాన్పయింది. ఊరెలా పోయినా కూతురుంది కదా! బాలింతకు మంచిదని కొర్రమీను తెచ్చి, ఎప్పటిలాగే బూడిద పట్టించి కోసి, వెల్లుల్లి, మిరియాలు దట్టంగా వేసి ఇగురు వండి, క్యారేజీ కట్టుకుని బస్సెక్కింది. దుర్గ తల్లిని చూసి ఏడ్చింది, బిడ్డను ఒళ్ళో పెట్టింది. క్యారేజీ మూత మాత్రం తియ్యలేదు.

"తినవే, చల్లారిపోద్ది."

"వద్దమ్మా. పిల్లోడు పాలు తాగుతున్నాడు కదా."

"నువ్వూ అంటున్నావా దుర్గా? చిన్నప్పుడు ఆ బూడిద జల్లించింది నువ్వు కాదూ? నీ చేతుల్తో!"

"నేనేనమ్మా." దుర్గ తల వంచుకుంది. "కానీ అంతమంది ఊరికే అంటారా?"

పెద్దింటమ్మ మనవడి అరికాలు ముద్దు పెట్టుకుని, క్యారేజీతో తిరుగు బస్సెక్కింది. మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరి, ఆకలికి ఆగలేక కంచంలో అన్నం పెట్టుకుని ఇగురు వేసుకుంది. ముద్ద నోటి దాకా వచ్చింది. మిల్లువాళ్ళు ఆ బూడిదలో ఏమన్నా కలిపి ఉంటారా అనిపించింది. ముప్పై ఏళ్ళలో ఎన్నడూ రాని ఆలోచన. ముద్దను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఏమీ లేదు. అయినా ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ఇగురంతా కుక్కలకు వేసేసి, మజ్జిగ పోసుకుని తింది.