సూపర్‌స్టిషన్ కొండల్లో అంకుల్ వెనకాల

చాండ్లర్‌లోని మా ఇంటికి గంట దూరంలో ఉన్న సూపర్‌స్టిషన్ అనే ఎడారి కొండలకి ఆ శనివారం ముగ్గురం వెళ్ళాం. నేను, మా ఆయన, మా తెలుగు చర్చిలో అందరూ అంకుల్ అని పిలిచే పెద్దాయన. నడవడానికి వేసిన ట్రైల్ వదిలేసి అడ్డంగా కొండెక్కితే అవతలి లోయ బ్రహ్మాండంగా కనిపిస్తుందని ఆయనే తీసుకెళ్ళారు. ఇదివరకు ఒకసారి వచ్చారట.

రెండు గంటలు నడిచాక ఫోన్‌లో మ్యాప్ చూశాను. సిగ్నల్ ఉండదని ముందే డౌన్‌లోడ్ చేసుకున్నాను. మేం వెళ్ళాల్సింది ఎడమవైపు. ఆయన కుడివైపున్న ఎండు వాగులోకి దిగుతున్నారు.

"అంకుల్, ఇటేనంటారా?" అన్నాను.

"రామ్మా, ఇటు షార్ట్‌కట్."

మా ఆయన నా చెయ్యి నొక్కాడు. "పెద్దాయన, వదిలెయ్. రేపు చర్చిలో మళ్ళీ మొహాలు చూసుకోవాలి."

వదిలేశాను. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది. ఆఫీసులో డైరెక్టర్ పొరబడినా తప్పని మొహం మీదే చెప్పే మనిషిని, ఇక్కడ 'ఇటు కాదు' అనడానికి నోరు పెగల్లేదు.

వాగు నిండా మనిషెత్తు బండలు, మధ్యలో బట్ట పట్టుకుంటే వదలని ముళ్ళ పొదలు. పావు మైలుకి గంట పట్టింది. మా ఆయన నీళ్ళు అయిపోయాయి. అంకుల్ బాటిల్ ఎప్పుడో ఖాళీ అయిందని ఆయన పెదవులు చూస్తేనే తెలుస్తోంది. నా దగ్గర అర బాటిల్ ఉంది. "ఇంకెంతో లేదు" అని ఆయన మూడుసార్లు అన్నారు. మూడుసార్లూ పళ్ళు నూరుకుంటూ "సరే అంకుల్" అన్నాను.

చివరికి వాగు కొండ అంచు దగ్గర తెగిపోయింది. కింద నలభై అడుగుల లోతు. నెత్తిన ఎండ. వచ్చిన దారంతా మళ్ళీ ఎక్కాలి, ముగ్గురం, ఆ అర బాటిల్‌తో.

ఇక ఆగలేకపోయాను. "ఇది దారి కాదని నాకు పైనే తెలుసు అంకుల్! మ్యాప్‌లో చూశాను!"

ఆయన బండమీద కూలబడి టోపీ తీశారు. ఆ మొహంలో కోపం లేదు, భయం ఉంది.

"నాకూ అక్కడే డౌట్ వచ్చిందమ్మా. నీ చేతిలో మ్యాప్ ఉంది కదా, తప్పయితే నువ్వు చెప్తావులే అనుకుని నడిచాను."

బాటిల్ ఆయన చేతిలో పెట్టాను. రెండు గుక్కలు తాగి, లేచి, నన్ను ముందు నడవమని పక్కకి జరిగారు.