కేసెట్ల దుకాణం మీద రెక్కల బల్లి

1988లో కామారెడ్డిలో నేను దుకాణాలకు బోర్డులు రాసేవాణ్ని. ఎల్లారెడ్డి నుంచి ఖలీల్ భాయ్ వచ్చాడు. దుబాయిలో ఏళ్లకేళ్లు పనిచేసి తిరిగొచ్చి, కేసెట్ల దుకాణం పెడుతున్నాడు. ఇంగ్లిష్ రాక్ పాటల కేసెట్ ఒకటి నా చేతిలో పెట్టి, దాని మీది బొమ్మే బోర్డంతా కావాలన్నాడు.

చూస్తే కళ్లు తిరిగాయి. గాలిలో తేలుతున్న గుట్ట, గుట్ట మీద కోట, కోట చుట్టూ నిప్పులు కక్కే రెక్కల బల్లి. మనకు పాటల బోర్డంటే హీరో, హీరోయిన్, ఒక మైకు.

"పాడినోళ్లు ఏరి భాయ్?" అన్నాను.

"వాళ్లతోని ఏం పనన్నా? కండ్లు మూసుకొని ఇంటే గిదే కనవడ్తది."

"నాకు కనవడకపోతే?"

"నువ్వు మంచిగ గియ్యి, చాలు. దుకాణం నడవకపోతే మళ్ల దుబాయే దిక్కు. నా బిడ్డ ఇప్పుడిప్పుడే నన్ను గుర్తువడ్తున్నది."

టేపు పెట్టి విన్నాను. డ్రమ్ముల మోత తప్ప బల్లీ లేదు, కోటా లేదు. నా ఖర్మ అనుకుని గ్రాఫ్ వేశాను. అంటే చిన్న బొమ్మ మీదా పెద్ద రేకు మీదా అన్నే గళ్లు గీసి, గడికి గడి దించడం. ఎనామిల్ రంగుల్లో బల్లి మాత్రం అదిరింది. నాకే గర్వంగా అనిపించింది.

కొన్నాళ్లకు ఖలీల్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "ఒక్కడు లోపటికి వస్తలేడన్నా" అన్నాడు. ఇద్దరం బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్లాం. ఎదురుగా నిలబడి ఎంత చూసినా నాకేమీ అంతుబట్టలేదు. అటుగా పోతున్న ఒక అవ్వను ఆపి, ఈ దుకాణంలోకి ఎందుకు పోరని అడిగాను.

"దుకాణమేంది బిడ్డా? ఇంక కడ్తున్రు గద. పైన సలాకలు గట్లనే ఉన్నయి, దిష్టిబొమ్మ సుత దియ్యలే."

కట్టే ఇంటికి దిష్టి తగలకుండా రాక్షసి ముఖం వేలాడదీస్తారు కదా, ఊరంతా నా బల్లిని అదే అనుకుంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"చెరిపేస్తా భాయ్."

"వద్దన్నా, నాకు పానం ఒప్పదు."

ఖలీల్ టేపు రికార్డర్ తెచ్చి బోర్డు కింద గడప మీద పెట్టి, ఆ పాటే గట్టిగా వేశాడు. అవ్వ బల్లిని చూసింది, టేపును చూసింది, మళ్లీ బల్లిని చూసింది.

"అరుస్తున్నది గిదేనా?"

"అవునవ్వ" అన్నాడు ఖలీల్.

"మరి మల్లన్న పాటలు సుత ఉన్నయా?" అంటూ లోపలికి వెళ్లింది. ఆమె వెనకే మరో ఇద్దరు వెళ్లారు.

బోర్డు ముందుగా చెప్పాల్సింది దుకాణం తెరిచి ఉందని. నా పనితనం ఆ తర్వాతి మాట. అది ఆ రోజు నేర్చుకున్నాను. పాటకూ బల్లికీ సంబంధమేమిటో మాత్రం నాకు ఇప్పటికీ బోధపడలేదు. అవ్వకైతే నిలబడ్డ చోటే తెలిసిపోయింది.

ఖలీల్ మళ్లీ దుబాయి పోలేదు. ఎప్పుడు వెళ్లినా అతని బిడ్డ గడప మీద కూర్చుని ఉండేది. నన్ను చూడగానే లోపలికి తిరిగి తండ్రికి చెప్పేది, "అబ్బా, బల్లి చాచా వచ్చిండు."