విత్తనాల సంచి మీది చీటీ

తాండూరు బస్టాండు బయట ఈమధ్య ఒక పేలాల బండి పెట్టారు. మక్కలు గాజు పెట్టెలో టపటపా పేలుతుంటే పిల్లలు పొట్లాలు పట్టుకుని తింటూ పోతుంటారు, ఎవరికీ ఏ ఫికరూ ఉండదు. నాకు మాత్రం ఆ కమ్మటి వాసన తగిలితే, డెబ్బై దాటిన ఈ వయసులోనూ, రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడుస్తాను.

మా ఊరు వికారాబాద్‌కు రెండు కోసుల దూరం. ఎర్రమట్టి నేల, వానాకాలం మొదలైతే గోడలు, పశువులు, మా కాళ్లు, అవ్వ చీర కుచ్చిళ్లు అన్నీ ఎర్రగా మారిపోయేవి. తొలకరి పడగానే నాయన విత్తే గొర్రు కట్టేవాడు, మా పొలం పనికి వచ్చే ఏసమ్మత్త దాని వెనక నడుస్తూ పిడికిలి సందులోంచి జొన్నలు జారవిడిచేది. ఆదివారం చర్చిలో ప్రార్థనకు కూర్చున్నప్పుడు తప్ప ఆమె కాలు ఒకచోట నిలిచేది కాదు. విత్తగా మిగిలిన గింజలను తిరిగి గుమ్మిలో పోయడం మా ఇంట్లో లేదు. తొలి ఏకాదశి నాడు వాటిని మంగలంలో వేయించి, ఇసుర్రాయిలో విసిరి, బెల్లం, నువ్వులు కలిపి పేలాల పిండి చేసేది మా నాయనమ్మ, ఆమెనే మేం అవ్వ అనేవాళ్లం. దేవుడికి చూపించాక మొదటి పళ్లెం విత్తిన మనిషి ఇంటికి పోవాలి. ఏసమ్మత్త దేవుడు వేరైనా ఆ పళ్లెం మాత్రం ఏ ఏడూ తప్పలేదు.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు గుమ్మిలోని విత్తనానికి పురుగు పట్టింది. బూడిద కలిపినా, వేపాకు వేసినా ఆగలేదు. నాయన బండి కట్టుకుని పోయి వికారాబాద్‌లో సర్కారు ఇచ్చే విత్తనాలు సంచెడు తెచ్చాడు. సంచి మూతికి అట్టముక్క ఒకటి కుట్టి ఉంది, దాని మీద అక్షరాలు అచ్చువేసి ఉన్నాయి. అంతకుముందు సర్కారు కాగితమంటే ఉర్దూలో ఉండేది, చదివించుకోవడానికి ఎవరినో బతిమాలుకోవాల్సి వచ్చేది. ఇది తెలుగు! ఇంట్లో చదువు వచ్చింది నాకొక్కదానికే కాబట్టి అందరూ నా చుట్టూ చేరారు. నేను గొంతు సవరించుకుని చదివాను: "ఈ బీజములు కీటనాశక రసాయన లేపితములు. భోజ్యార్థము వినియోగము సర్వథా వర్జనీయము."

ఒక్క అక్షరం తప్పుపోలేదు. ఒక్క ముక్క అర్థం కాలేదు, నాకైనా సరే.

"మంత్రం లెక్క ఉన్నది. మస్తు చదివినవ్ బిడ్డ," అని అవ్వ మురిసిపోయింది. చీటీ తెంపి, పసుపు బొట్టు పెట్టి, దేవుని గూట్లో దాచింది. ఇంటికి ఎవరొచ్చినా నాచేత అప్పజెప్పించేది. నేనూ తక్కువ తినలేదు, అడగకపోయినా చదివి వినిపించేదాన్ని.

ఏకాదశి వచ్చింది. మిగిలిన జొన్నలకు ఎర్రటి పొడి అంటుకుని ఉంటే అవ్వ మన ఊరి దుమ్మే అనుకుంది, మూడు నీళ్లు పోసి కడిగి ఎండబెట్టింది. పొద్దున్నే పేలాలు వేయిస్తుంటే ఇల్లంతా ఆ వాసన. అవ్వకు ఒక్కపొద్దు. నేను ఏసమ్మత్త ఇంట్లో పళ్లెం ఇచ్చి వచ్చాకే తినాలి. నాలుగేళ్ల మా చెల్లెలు సత్తెమ్మ మాత్రం ఆగలేక పిడికెడు, ఇంకో పిడికెడు బుక్కింది.

నేను తిరిగొచ్చేసరికి చెల్లెలు వాకిట్లో పడి ఉంది. కక్కుకుంటోంది, చేతులు కొట్టుకుంటున్నాయి. పక్కనే, కడుగు నీళ్లలో జారిన గింజలు ఏరుకున్న రెండు కోళ్లు చచ్చి, కాళ్లు చాచి ఉన్నాయి. నాయన చెల్లెలిని ఎత్తుకుని, నన్ను బండెక్కించి, ఎద్దులను పరుగెత్తించాడు.

వికారాబాద్‌లో డాక్టరు పిల్ల కడుపు కడిగిస్తూనే ఏం తిన్నదని అడిగాడు. విత్తనాలని తెలిసి, "సంచి మీద ఏమీ రాసి లేదా?" అన్నాడు. నాయన నా వైపు చూశాడు. నేను చేతులు కట్టుకుని, బడిలో పద్యం అప్పజెప్పినట్టు, మొత్తం అప్పజెప్పాను.

డాక్టరు నాయన వైపు తిరిగాడు.

"గింజలకు పురుగుమందు పూశారు, తినొద్దు అని రాశారు," అన్నాడు మెల్లగా.

నాయన, "గా మాటనే గట్ల రాస్తె ఏమైతుండె సార్?" అని అడిగాడు.

అప్పుడు నాకు పళ్లెం గుర్తొచ్చింది, నా చేతులతో నేనే ఇచ్చి వచ్చిన పళ్లెం. ఆ సంగతి చెప్పగానే ఆస్పత్రి కాంపౌండరు నన్ను సైకిలు మీద ఎక్కించుకుని ఊరికి తొక్కాడు. ఏసమ్మత్త అరుగు మీద కూర్చుని, మామ పొలం నుంచి వచ్చేదాకా ఆగి, ఇద్దరూ కలిసి తిందామని, పళ్లెం అప్పుడే ముందుకు జరుపుకుంటోంది. నేను పరుగున పోయి దాన్ని కాలితో తన్నాను.

"పండుగ పూట గిదేం పని బిడ్డ?" అని ఆమె బిత్తరపోయింది.

"మందు పూసిన గింజలు, తినొద్దు," అన్నాను. అంతే, ఒక్క మాటకే ఆమెకు అర్థమైంది. పిండి అంటిన వేళ్లను చీరకు గబగబా తుడుచుకుంది.

సత్తెమ్మ బతికింది. కానీ ఆ చేతుల వణుకు పోలేదు. చెంబు పట్టుకుంటే నీళ్లు తొణుకుతాయి, సూదిలో దారం ఏనాడూ ఎక్కించలేకపోయింది. అవ్వ మళ్లీ మంగలం పొయ్యి మీద పెట్టలేదు. పేలాల పిండి మా ఇంట్లో ఆ ఏడుతోనే పోయింది, గొర్రు తరువాత పోయింది, ఏసమ్మత్త కూడా పోయింది.

ఇప్పుడు అక్కచెల్లెళ్లం తాండూరులో ఒకే ఇంట్లో ఉంటున్నాం. మొన్న సర్కారు నుంచి చెల్లెలి పింఛను గురించి కాగితం వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను, అక్షరం తప్పుపోకుండా. సత్తెమ్మ వణికే చేతులు ఒళ్లో పెట్టుకుని అంతా విన్నది.

"చదివినవ్ గద అక్కా," అన్నది, "ఇగ మన మాటల్ల చెప్పు."

నేను మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాను.