రూఫస్ పెట్టె మీద నాగూర్‌బీ కన్ను

బోగోలు తీరంలో సముద్రపు గాలి ఏ గుడ్డ చించాలన్నా ముందు మా నానీని, అంటే మా అమ్మమ్మను, అడగాలి. ఆమె వద్దంటే తుఫాను కూడా దారి మళ్ళి ఒంగోలుకు పోతుంది. నమ్మకం లేకపోతే కావలి లారీ డ్రైవర్లను అడగండి. నలభై ఏళ్ళుగా వాళ్ళ టార్పాలిన్లు కుట్టింది మా నానీ నాగూర్‌బీయే.

అలాంటి మనిషి ఒక ఇనప పెట్టెను చూసి వారం రోజులు అన్నం సరిగా తినలేదు.

ఆ పెట్టె రూఫస్‌ది. చిన్నప్పుడు మా వసారాలో కూర్చుని నానీ దగ్గరే సూది పట్టడం నేర్చుకున్నాడు. చెన్నైలో కారవాన్లు తయారుచేసే షెడ్డులో రెండేళ్ళు పనిచేసి, ఎర్ర పెట్టెతో తిరిగొచ్చాడు. మూత తీస్తే పానాలు, అలెన్ కీలు, రేకులకు మేకులు బిగించే రివెట్ గన్ను, పట్టిన పట్టు వదలని లాక్ ప్లయరు, దేని గుంటలో అది పడుకుని ఉంటాయి. నానీ సామానంతా ఒక పాలడబ్బాలో ఉంటుంది: గోనె సూదులు, మైనం, కుట్టుమిషను స్క్రూ డ్రైవరు.

"గుంటల్లో పెట్టేదానికి అవేమన్నా కోడిగుడ్లా?" అనేది. అంటూనే నా ఫోన్లో ఒక్కో పనిముట్టు బొమ్మ తీయించి, దాని పేరూ పనీ చెప్పించుకునేది. నాకు తెలియని చోట కల్పించి చెప్పాను. రివెట్ గన్నుతో చెవులు కుట్టుకోవచ్చన్నాను. నమ్మలేదు.

తీరంలోని రిసార్టులో మూడు కారవాన్లున్నాయి. లోపలే వండుకుని పడుకునే ఇంటిబండ్లు. ఒక్కోదాని పక్కన గొట్టానికి చుట్టిన గుడ్డ పందిరి ఉంటుంది. లాగితే నీడ, వదిలితే స్ప్రింగు మళ్ళీ చుట్టేస్తుంది. ఒక పందిరి గుడ్డ చినిగింది. దాన్ని బాగుచేసినవాళ్ళకే మూడింటి పనీ ఇస్తానని మేనేజరు ఉషారాణి ఇద్దరినీ పిలిచింది.

రూఫస్ కుర్చీ తెచ్చి వేశాడు. "నానీ, నువ్వు కూర్చో. ఇనప పని నేను చేస్తా, గుడ్డ పని నువ్వు చూసుకో."

"నీ ఎనకాల నేను కుట్టాల్నా? లే పక్కకి. ముందు నేనే."

నానీ మిషను స్క్రూ డ్రైవరుతో గొట్టం చివరి మూత విప్పసాగింది.

"నానీ, ముందు ఆ బొక్కలో పిన్ను పెట్టాల. లేకుంటే స్ప్రింగు ఎదురు తిరుగుతాది. ఇదిగో పిన్ను."

వాడి పెట్టెలోని పిన్నా! నానీ చెయ్యి చాపలేదు. "నా సామాను నాకుండాదిలే."

చివరి స్క్రూ ఊడింది. గొట్టం గిర్రున తిరిగి, గుడ్డతో పాటు నానీ పైటకొంగునూ చుట్టుకోసాగింది. రూఫస్ దూకి లాక్ ప్లయరుతో గొట్టాన్ని పట్టేశాడు. కొంగు సగం చిరిగింది, మనిషికేమీ కాలేదు. నానీ పోయి కుర్చీలో కూర్చుంది.

రూఫస్ పిన్ను పెట్టి, గుడ్డ జారదీసి, చినిగిన అంచు మడిచి కుట్టాడు. నానీ మెడ చాచి చూసింది. మడత నోరు పైకి ఉంది. వాన నీళ్ళు అందులో నిలుస్తాయి, ఆ తడికీ ఉప్పుగాలికీ దారం నెలలో కుళ్ళిపోతుంది. అది ఆమెకొక్కదానికే కనిపించింది. నోరు మూసుకుంటే చాలు, మొదటి వానకే రూఫస్ పరువూ పనీ కొట్టుకుపోతాయి.

మూసుకునే కూర్చుంది. ఉషారాణి "పని నీకే రూఫస్" అనేదాకా పళ్ళు బిగబట్టింది. ఆ తర్వాత ఒక్కసారిగా లేచింది.

"ఎవర్రా నీకు సూది పట్టించింది? మడత నోరు కిందికి ఉండాలని ఎన్నిసార్లు చెప్పినా!"

కుట్టంతా పీకేసి మళ్ళీ తానే కుట్టింది. పని మాత్రం రూఫస్‌కే పోయింది.

శిష్యుడి మీది ప్రేమే అసూయను గెలిచిందని ఈ కథ చివర రాసి, నానీకి చదివి వినిపించాను.

"ప్రేమా లేదు, దోమా లేదు. వాణ్ణి చూస్తే ఇప్పటికీ కడుపు మండతానే ఉండాది. ఆ గుడ్డ పాడైతే, నేర్పింది నాగూర్‌బీ అంటారు గదే! ఆ ప్రేమ మాట కొట్టెయ్."