అబద్ధాలాడే పళ్ళ సెట్టు

అమ్మకు కొత్త పళ్ళ సెట్టు పెట్టించి తీసుకొచ్చాను. దాన్ని నానబెట్టడానికి స్టీలు గిన్నెలో నీళ్లు పోస్తుంటే నాయనమ్మ సెట్టు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో మా ఇంటి కిటికీలో అది పగలంతా ఇట్లాంటి గిన్నెలోనే ఉండేది. బాపు స్కూటర్ చప్పుడు వినగానే నాయనమ్మ దాన్ని కడిగి నోట్లో పెట్టుకునేది.

"పండ్లు మంచిగున్నయా అమ్మా?" అని బాపు అడిగేవాడు.

"మస్తుగున్నయ్ కొడుకా. మక్కకంకి గూడ కొరుకుత."

బాపు అటు పోగానే సెట్టు తీసేసి, జొన్నరొట్టెను చాయ్‌లో ముంచుకుంటూ "పాడువి, చిగుర్లన్ని పుండ్లు చేసినయ్" అని గొణిగేది.

అబద్ధాలాడేది నాయనమ్మ కాదు, ఆ పళ్ళేనని నాకు అనుమానం. అవి నోట్లో ఉన్నప్పుడే కదా ఆమె మాట మారేది! నా మీద బాపుకు ఏం చెబుతాయోనని గిన్నె ముందు బెల్లం ముక్క కూడా తీసేదాన్ని కాదు.

ఆ సెట్టు కోసం బాపు నాయనమ్మను వెంటబెట్టుకొని పట్నంలో దవాఖానలన్నీ తిరిగాడట. ఇప్పుడు అమ్మ పళ్ళకు రంగు, సైజు దగ్గరుండి ఎంచింది నేను.

"నొస్తున్నయా అమ్మా?"

"ఏం నొస్తలేవు బిడ్డా, మంచిగున్నయ్."

నీళ్ల గిన్నె ఆమె ముందు పెట్టాను.

"అవి తీసి చెప్పు."