గాటు పడని గుండు

అప్పట్లో నాకు ప్రతిదానికీ ఒక జాబితా ఉండేది. రైలెక్కే ముందు చూసుకోవలసినవి ఆరు, ఇంట్లో అమ్మకు చెప్పకూడనివి తొమ్మిది (పదోది, నా ఉద్యోగం తాత్కాలికమన్నది, తర్వాత చేర్చాను). డెబ్బైల చివర్లో తిరువళ్ళూరులో ఒక చిన్న పరిశోధనశాలలో పనిచేసేవాణ్ణి. పట్టుబట్టను సోడా నీళ్లలో ఉడికించి జిగురు తీసి, కలబంద గుజ్జులోనూ మునగ బంకలోనూ నానబెట్టి, చిన్న గాయాల మీద అంటించే పట్టీలు తయారుచేయడం మా పని. కుందేళ్ల దశ దాటింది (కుందేళ్లు పట్టీలు తినేశాయి, అదీ ఫలితంగానే రాశాను). ఇక మనుషులు కావాలి. "సోమవారానికి పది కేసులు తీసుకురా. లేకపోతే నీ పోస్టు పొడిగించమని నేను అడగలేను" అన్నారు మా పెద్దాయన.

పది చిన్న గాయాలు ఒకేచోట దొరికేదెక్కడ? శాస్త్రీయంగా ఆలోచించి తిరుత్తణి అని తేల్చాను. కొండకు వచ్చేవాళ్లు గుండు చేయించుకుంటారు. కత్తి ఉన్నచోట గాటు ఉండక తప్పదు. శనివారం పొద్దున్నే పది పట్టీలు, స్కేలు, భూతద్దం, పదకొండు గడుల ఫారాలు పట్టుకుని, కొండ కింద గుండ్లు గీసే పందిట్లో అందరికన్నా వయసు మళ్లిన మంగలి పక్కన చేరాను. ఆయన్ని అందరూ మామ అనేవారు. ఒక్కో గుండు పూర్తికాగానే భూతద్దంతో వంగేవాణ్ణి. ఏమీ ఉండేది కాదు. ఇంతలో ఇంటివాళ్లు చందనం పూసేసేవారు. సాయంత్రానికి నలభై మూడు గుండ్లు చూశాను. గాట్లు సున్నా. ఒకచోట ఎర్రటి చుక్క కనిపిస్తే సంబరంగా స్కేలు పెట్టాను, అది కుంకుమ.

"ఏం తంబీ, పొద్దున్నించీ ఏమి ఎతుకుతా ఉండావు? గీకేసినాక పేలు యాడ ఉంటాయి?" అన్నాడు మామ.

సంగతి చెప్పాను. ఆయన కత్తి ఆగిపోయింది.

"నా కత్తి ఎవురి తల కోస్తాదా అని కాసుకోని కూర్చోనుండావా?"

"నీదే కానక్కర్లేదు మామా, పక్కవాళ్లదైనా..."

"వాళ్లదీ పడదు. పోయి ఇంకో ఊరు చూసుకో."

ఆదివారం మళ్లీ వెళ్లాను. మిగిలిన దారి ఒక్కటే, నా తల. కూర్చుని, "మామా, చెవి వెనకాల అర సెంటీమీటరు గాటు చాలు" అని స్కేలు మీద చూపించాను.

"మతి ఉండాదా? మీ అమ్మ చూస్తే నన్ను గదా తిట్టేది" అని నీళ్లు చల్లాడు. ఆయన వినడని తెలిసి తల అటూ ఇటూ ఆడించాను. తల ఎటు పోతే కత్తి అటు వచ్చింది. "రెండేండ్ల బిడ్డలికి గీసినోణ్ణి. నువ్వెంత?"

పని ముగిసింది. తడుముకుంటే తల కొత్త ఇత్తడి చెంబులా ఉంది. గాటు లేదు, జుట్టు లేదు, ఉద్యోగమూ లేనట్టే. దిగులుగా వెనక్కి తిరిగితే మామ బొటనవేలు నోట్లో పెట్టుకుని ఉన్నాడు.

"ఏమైంది మామా?"

"ఏముంది, నువ్వు తల ఆడించినప్పుడు చెవికి ఏలు అడ్డం పెట్టినాను. తెగింది. ఇది దినామూ ఉండేదే."

"మరి నిన్న చెప్పలేదే?"

"నువ్వు తలలు గదా అడిగినావు. తల తెగితే మానం పోతాది. ఏలు తెగితే ఏం పోతాది?" అని, పందిరంతా వినబడేట్టు పిలిచాడు. "ఒరే, ఏళ్లు తెగినోళ్లంతా రండిరా, ఈ పిల్లోడు పట్టుబట్ట కడతాడంట."

పద్నాలుగు మంది వచ్చారు. నా దగ్గరున్నవి పదే.

సోమవారం పెద్దాయన ఫారాలు తిరగేశారు. పదింటిలోనూ 'శిరస్సు' కొట్టేసి 'వేలు' అని ఉంది. చివరికి నా తలకేసి చూశారు. "పది చాలన్నాను కదా, ఈ పదకొండోది ఏమిటి?"

"అది గాటు పడని కేసు సార్."

పోస్టు ఆరు నెలలు పొడిగించారు. పట్టీలు మాత్రం నీళ్లు తగలగానే ఊడిపోయాయని మామ కబురుపెట్టాడు. మేం మళ్లీ మునగ బంక దగ్గర్నుంచి మొదలుపెట్టాం. అప్పటి నన్ను, ఆ కుర్రవాణ్ణి, తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. భూతద్దం పట్టుకుని రోజంతా ఊరివాళ్ల తలలన్నీ వెతికినవాడు, తన ముక్కుకు జానెడు దూరంలో పనిచేస్తున్న చేతిని మాత్రం ఒక్కసారీ చూడలేదు.